ముందు మనుషుల్ని లెక్కపెట్టండి, తర్వాత ముక్కలు పంచండి

(వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం కడపలో, మా కాలనీ హాలులో, ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం ఇది. ఆరోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు రండి, ఫ్యాన్లు ఈ పక్కే బాగా తిరుగుతున్నాయి, అక్కడ ఉక్కపోతలో ఎందుకు. రండమ్మా, పిల్లల్ని కూడా తీసుకురండి, ఈరోజు వాళ్లు వినాల్సిందే ఎక్కువ.

పేకాట గురించి మాట్లాడతానని బోర్డు మీద రాయగానే ముగ్గురు నలుగురు నన్ను దారిలో ఆపి అడిగారు. ఏం సార్, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, ఇప్పుడు పిల్లలకు పేకాట నేర్పిస్తారా అని. నాకు కోపం రాలేదు. ఎందుకు వస్తుంది? మన సీమలో ఆ మాటకున్న పేరు అట్లాంటిది. పేకాట అనగానే కళ్ల ముందుకు ఏం వస్తుంది? ఊరి బయట చింతచెట్టు, కింద పరిచిన దుప్పటి, చుట్టూ మగవాళ్లు, మధ్యలో నోట్లు. ఇంకా లోపలికి పోతే తాకట్టుకు పోయిన కమ్మలు, అమ్ముడుపోయిన చేను. అవునా కాదా? బంధువుల్లో అట్లాంటి ఇల్లు ఒక్కటి కూడా లేనివాళ్లు ఈ హాలులో ఎంతమంది ఉన్నారు?

మా ఇంట్లోనే ఉంది. మా చిన్నాయన బావి కింద నాలుగు ఎకరాల నేల మూడు ముక్కలాటలో పోగొట్టుకున్నాడు. ఒక ఉగాదికి సరదాగా కూర్చున్నాడు, మూడేళ్లకు నేల లేదు. రిజిస్ట్రేషన్ అయిపోయిన రోజు మా నాయన చిన్నాయన పెట్టెలో ఉన్న పేక తీసుకొచ్చి మా కళ్ల ముందే పొయ్యిలో వేసినాడు. ఈ ఇంట్లో ఇంక ముక్క కనపడగూడదు అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా జేజి పొయ్యి దగ్గరే కూర్చొని రొట్టె తడుతూ ఉంది, ఒక్క మాట అనలేదు.

మాకు తెలియని సంగతి ఏమంటే జేజి దగ్గర ఇంకో పేక ఉంది. కందుల కుండలో, కందుల కింద, పాత గుడ్డలో చుట్టి పెట్టింది. ఏడాది తర్వాత ఎండాకాలం రాత్రి, కరెంటు పోయి అందరం మిద్దె మీద పడుకొని ఉంటే, జేజి మెల్లగా లాంతరు తెచ్చి పెట్టి ఆ గుడ్డ విప్పింది. మేం పిల్లలం ఐదుగురం. "రాండి రా అబ్బీ, గాడిదాట ఆడదాం" అంది. నాయన చూసినాడు. మేం బిగుసుకుపోయినాం. ఆయన ఏమీ అనకుండా ఆ పక్కకు తిరిగి పడుకున్నాడు. రెండో రాత్రి కూడా అంతే. మూడో రాత్రి లేచి వచ్చి జేజి పక్కన కూర్చొని "నాకు గూడా పంచు" అన్నాడు. చిన్నాయన మాత్రం బతికినన్ని రోజులు మళ్లీ ముక్క ముట్టలేదు. మేం ఆడుతుంటే పక్కనే కూర్చొని చెనిక్కాయలు ఒలిచి, ఆట వదిలి లేవలేని వాళ్ల నోట్లో పెట్టేవాడు.

అందుకే చెబుతున్నా. పేకాట ఇల్లు కూల్చడం నేను చూసినాను, అదే పేక అదే ఇంటిని మళ్లీ ఒకచోట కూర్చోబెట్టడం కూడా చూసినాను. నా లెక్కంతా ఒక్కటే. మధ్యలో డబ్బు ఉండకూడదు. ఏ ఆట ఆడాలో ఆటను చూసి తేల్చుకోకూడదు, ఆ రోజు ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో చిన్నవాళ్లెవరు, పెద్దవాళ్లెవరు, అది చూసి తేల్చుకోవాలి.

ఆ పేకలో ముక్క ఒకటి తెచ్చాను, ఇదిగో. ఒకరి తర్వాత ఒకరు చూసి పక్కవాళ్లకు ఇవ్వండి, మడవకండి నాన్నా. ఇది ఆఠీను తొమ్మిది. అసలు ముక్క ఎప్పుడో పోయింది. జేజి ఎవరిదో పెళ్లిపత్రిక ముక్కకు సరిగ్గా కొలిచి కత్తిరించి, కుంకుమ తడిపి, పుల్లతో తొమ్మిది గుర్తులు వేసింది. దగ్గరగా చూడండి, అవి గుండె గుర్తులు కావు, తమలపాకులు. తొడిమలు కూడా ఉన్నాయి. ఆమెకు చదువు రాదు, అయినా తొమ్మిది కరెక్టుగా ఉంటాయి, మూడు వరసలు, వరసకు మూడు. వెనక వైపు మాత్రం పెళ్లికూతురి పేరు సగం కనపడుతుంది కదా, అందుకని అది ఎవరి చేతిలో ఉన్నా అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు ఆట చెడిపోదా? దానికి జేజి ఒక రూలు పెట్టింది. ఆఠీను తొమ్మిది ఎవరికి పడినా పంపకం కాగానే తిప్పి అందరికీ చూపించాలి. అంతే. ఒక్క ముక్క బహిరంగం, మిగిలిన 51 రహస్యం. దాంతో ఆట ఇంకా రంజుగా అయ్యేది, నిజంగా. ఆ ముక్క ఎవరి దగ్గరుందో తెలిసి కూడా దాన్ని బయటికి లాగడానికి మేం పడిన పాట్లు మీకు చెబితే గంట పడుతుంది.

తమలపాకు అన్నాను కాబట్టి ఒక్క నిమిషం పేర్ల గురించి. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఈ పేర్లు ఎక్కడివని ఎప్పుడైనా అనుకున్నారా? డైమను ఇంగ్లీషుదని తెలిసిపోతుంది. మిగతావి? ఇస్పేటు పోర్చుగీసు వాళ్ల మాట, ఎస్పాడా అంటే కత్తి. ఆఠీను, కళావరు డచ్చి మాటలు. డచ్చి వాళ్లు గుండె గుర్తును హార్టెన్ అంటారు, మూడాకుల గుర్తును క్లావర్ అంటారు. అంతెందుకు, తురుపు ముక్క అని రోజూ వాడతాం, రాజకీయాల్లో కూడా వాడతాం, ఆ తురుపు కూడా డచ్చి వాళ్ల ట్రూఫే. 1600 తర్వాత మచిలీపట్నంలో, పులికాట్‌లో డచ్చి వాళ్లు బట్టల వ్యాపారానికి దిగినారు కదా, ఓడలు పోయినాయి, కోటలు పడిపోయినాయి, వాళ్ల పేకాట మాటలు మాత్రం మన నోట్లో ఉండిపోయినాయి.

అంతకుముందు మన దగ్గర ముక్కలు లేవా? ఉన్నాయి. గంజీఫా అనేవాళ్లు, గుండ్రటి ముక్కలు, చేత్తో రంగులేసి చేసేవాళ్లు. బాబరు 1527లో సింధులో ఉన్న షా హసన్‌కు గంజీఫా పంపించానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. మొగలుల పేకలో 96 ముక్కలు, మనవాళ్ల దశావతార గంజీఫాలో 120. పది అవతారాలకు పది రకాలు, రకానికి పన్నెండు. మత్స్యం, కూర్మం, వరాహం, ఇట్లా. ఈ ముక్కలు మన పక్కనే నొస్సంలో కూడా చేసేవాళ్లు, పాత కర్నూలు జిల్లా నొస్సం. పిల్లలకు అవతారాల పేర్లు నేర్పించడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తోచదు.

సరే, ఆటలకు వద్దాం.

ఇంట్లో నాలుగేళ్లు, ఐదేళ్ల పిల్లలుంటే ముందు వాళ్లతో జతలాట ఆడండి. ముక్కలన్నీ బోర్లించి పరచండి, ఒక్కొక్కరు రెండేసి తిప్పాలి, రెండూ ఒకటే అంకె అయితే తీసుకోవచ్చు, లేకపోతే ఎక్కడివి అక్కడ బోర్లించాలి. 52 ముక్కలు అంత చిన్నవాళ్లకు ఎక్కువ, ఆసు నుంచి ఆరు దాకా 24 చాలు. ఈ ఆటలో పెద్దవాళ్లు కావాలని ఓడిపోవాల్సిన పనిలేదు, ఐదేళ్ల పిల్లకు ఏ ముక్క ఎక్కడుందో మనకంటే బాగా గుర్తుంటుంది. మా మనవరాలు నన్ను న్యాయంగానే ఓడిస్తుంది.

ఏడెనిమిదేళ్లు వచ్చినాయంటే గాడిదాట. తెలియనివాళ్లకు చెబుతా. ముక్కలన్నీ పంచేయాలి. ఇస్పేటు ఆసు ఉన్నవాళ్లు మొదలుపెడతారు. అందరూ అదే రకం వేయాలి, అందరూ వేస్తే ఆ ముక్కలు పక్కకు పోతాయి, పెద్ద ముక్క వేసినవాళ్లు మళ్లీ మొదలుపెడతారు. ఎవరి దగ్గరైనా ఆ రకం లేదనుకోండి, వాళ్లు వేరే రకం ముక్క దేనితోనైనా కొడతారు. కొట్టగానే, అప్పటిదాకా పడిన వాటిలో పెద్ద ముక్క ఎవరిదో వాళ్లు మొత్తం ఎత్తుకోవాలి. చేతిలో ముక్కలు అయిపోయినవాళ్లు బయటపడ్డట్టు, చివరికి ముక్కలతో మిగిలినవాళ్లు గాడిద.

పిల్లలకు ఈ ఆట ఎందుకు ఇష్టమంటే, ఇందులో ఇంట్లో పెద్దమనిషి కూడా గాడిద కావచ్చు. మా నాయన చాలా కోపిష్టి, ఆయన ముందు గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. ఆయన మిద్దె మీద కూర్చొని రెండు చేతులా పట్టనన్ని ముక్కలు ఎత్తుకొని లాంతరు వెలుతురులో వాటిని సర్దుకుంటూ "ఎవడు రా కొట్టింది" అని అడిగితే, కొట్టింది నేను. నేనే నాయనా అని చెప్పినాను. ఆ ఇంట్లో ఆ మాట నేను భయం లేకుండా చెప్పిన మొదటిసారి అది.

ఇందులో లెక్క కూడా ఉంది. ఒక్కో రకంలో 13 ముక్కలే కదా. ఐదుగురు ఆడుతుంటే, మొదటి చుట్టు కళావరు ఐదు పడినాయి, రెండో చుట్టు ఇంకో ఐదు పడినాయి, ఇంక మిగిలింది ఎన్ని? మూడు. మనుషులు ఐదుగురు. ఇప్పుడు మళ్లీ పెద్ద కళావరు వేస్తే ఏమవుతుంది? కనీసం ఇద్దరి దగ్గర ఉండదు, మీ తర్వాత కూర్చున్నవాళ్లే కొడతారు, మొత్తం మీ నెత్తిన. ఇది బోర్డు మీద రాసి చెబితే ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఎక్కదు. రెండుసార్లు గాడిద అయితే ఎక్కుతుంది.

అవ్వాతాతలు ఉన్న ఇంటికి ఏడు ఆట. ఆఠీను ఏడు ఉన్నవాళ్లు వేస్తారు, దాని పక్కన కింది వైపు ఆరు, ఐదు, పై వైపు ఎనిమిది, తొమ్మిది, ఇట్లా పేర్చుకుంటూ పోవాలి, ఏ రకమైనా ఏడుతోనే మొదలు కావాలి. వేయడానికి ఉంటే వేసి తీరాలి, లేకపోతే పాస్. తొందర లేదు, అరుపులు లేవు, ముక్కలన్నీ కళ్ల ముందే పరిచి ఉంటాయి కాబట్టి చూపు మందగించినవాళ్లు కూడా నిదానంగా చూసుకోవచ్చు. పైకి సాధువైన ఆట, లోపల మాత్రం ఇంకోటి ఉంది. మీ దగ్గర డైమను ఆరు ఉందనుకోండి, అది మీరు వేయనంత కాలం దాని కింద ఐదు, నాలుగు, మూడు, రెండు, ఆసు పట్టుకున్నవాళ్లంతా ఆగిపోవాల్సిందే. వేరే ముక్క వేసుకుంటూ ఆ ఆరును ఎంతసేపు ఆపగలరు? మా జేజి దాన్ని చివరిదాకా ఆపేది. మేం ఏడుపు మొహాలు పెడితే "ముక్కలు చూస్తే ఏముంది రా, మనుషుల్ని చూసి ఆడల్ల" అనేది. ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారో వాళ్ల కళ్లు ఎటు పోతున్నాయో చూసి చెప్పేసేది.

బ్లఫ్ గురించి, అంటే ముక్కలు బోర్లించి వేసి అవి ఏవో అబద్ధం చెప్పే ఆట గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ వచ్చు. పెళ్లిళ్లకు చుట్టాలు వచ్చి పదిమంది అయినప్పుడు, ఒకరికొకరు పెద్దగా పరిచయం లేనప్పుడు, రెండు పేకలు కలిపి బ్లఫ్ ఆడితే గంటలో అందరూ కలిసిపోతారు. కొత్త అల్లుడు అబద్ధమాడి అత్త చేతికి దొరికిపోతే ఇంక ఆ ఇంట్లో బెరుకు ఉంటుందా? నలుగురే ఉన్నారు, అందరూ పెద్దవాళ్లే, తురుపుతో ఆడాలని ఉంది అంటే ఇరవై ఎనిమిది నేర్చుకోండి. ఏడు నుంచి ఆసు దాకా 32 ముక్కలే, జాకీకి మూడు, తొమ్మిదికి రెండు, ఆసుకు, పదికి ఒక్కోటి, అన్నీ కలిపితే 28. రాజు, రాణి ఇందులో సున్నా. కేరళ వైపు ఇది బాగా ఆడతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట. ఆరుగురు దొరికితే లిటరేచర్. హాస్టల్లో ఉన్నవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది, ఎవరికి తెలుసు, చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. తెలియనివాళ్లు శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఈ సాయంత్రం మనం ఆడేది ఇదే.

పేకలో నాలుగు ఎనిమిదులు తీసేయాలి. 48 ముక్కలు మిగులుతాయి, ఆరుగురికి తలా ఎనిమిది. ముగ్గురు ఒక జట్టు, ముగ్గురు ఒక జట్టు, ఒకరి పక్కన ఒకరు మార్చి మార్చి కూర్చోవాలి. ఒక్కో రకాన్ని రెండుగా విడదీస్తాం. రెండు నుంచి ఏడు దాకా చిన్న సెట్టు, తొమ్మిది నుంచి ఆసు దాకా పెద్ద సెట్టు, సెట్టుకు ఆరు ముక్కలు. నాలుగు రకాలకు ఎనిమిది సెట్లు. ఐదు సెట్లు కట్టిన జట్టు గెలిచినట్టు.

ఎట్లా కడతారు? అడిగి కడతారు. ఎదుటి జట్టులో ఒకరిని పేరు పెట్టి, ఒక్క ముక్కను పేరు పెట్టి అడగాలి. అక్కా, కళావరు రాణి ఇవ్వు. ఆమె దగ్గర ఉంటే ఇచ్చేయాలి, మీరు మళ్లీ అడగొచ్చు. లేకపోతే వంతు ఆమెది. రెండు నియమాలున్నాయి. ఆ సెట్టులో ఒక్క ముక్కైనా మీ దగ్గర ఉంటేనే అడగాలి. మీ దగ్గరున్న ముక్కనే అడగకూడదు. ఈ రెండు నియమాల్లోనే ఆటంతా ఉంది. మీరు కళావరు రాణి అడిగారంటే ఆరుగురికీ రెండు సంగతులు తెలిసిపోయినాయి. మీ దగ్గర రాణి లేదు, పెద్ద కళావరుల్లో ఇంకోటేదో ఉంది. ఆమె లేదు అంటే మూడో సంగతి కూడా తెలిసింది. ఇట్లా ప్రతి ప్రశ్న వినాలి, ఎవరు ఎవరిని ఏం అడిగారో మనసులో రాసుకోవాలి, కాగితం మీద రాయకూడదు. చివరికి ఫలానా సెట్టు మాదే, తొమ్మిది నా దగ్గర, పది అన్న దగ్గర, జాకీ వదిన దగ్గర, అని ఆరు ముక్కలూ తన జట్టులో ఎవరి దగ్గర ఏవి ఉన్నాయో చెప్పాలి. ఒక్కటి తప్పినా సెట్టు పోయినట్టే.

ఇప్పుడు ఆలోచించండి, ఈ ఆటకు కావాల్సింది ఏంటి? వినడం. ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు వినడం. మన ఇళ్లల్లో భోజనాల దగ్గర కూడా ఎవరి ఫోన్లో వాళ్లుంటున్నాం కదా, ఈ ఆటలో ఒక్క నిమిషం ఫోన్ చూసినా మీ జట్టు సెట్టు పోతుంది, పక్కనున్న చెల్లెలు ఊరుకోదు. తిట్టాల్సిన పనిలేకుండా ఫోన్లు పక్కకు పోతాయి. మా ఇంట్లో సంక్రాంతికి మా అన్నదమ్ముల పిల్లలంతా వచ్చినప్పుడు రెండు జట్లు తేలిపోతాయి. వదినకు నాకు మధ్య పన్నెండేళ్ల కిందట ఒక పొలం గట్టు విషయంలో మాటలు తగ్గినాయి. ఒకసారి పిల్లలు చీట్లు వేసి మమ్మల్ని ఒకే జట్టులో కూర్చోబెట్టినారు. సెట్టు కట్టాలంటే ఆమె ఏం అడుగుతోందో నేను వినాలి, నా మనసులో ఏముందో ఆమె పసిగట్టాలి. ఆ రాత్రి ఆరు సెట్లు కట్టినాం. ఆటయ్యాక ఆమె "కాఫీ తాగుతావా" అని అడిగింది. అంతే, ఇంకేం మాట్లాడుకోలేదు, గట్టు గురించి ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు.

ఇంక రమ్మీ. ఏం సార్ రమ్మీ చెప్పకుండానే దిగిపోతాడా అని ముందు వరసలో అన్న అప్పటినుంచి చూస్తున్నాడు. చెబుతా అన్నా.

పదమూడు ముక్కల రమ్మీ మంచి ఆట. నిజంగా బుర్ర పెట్టాల్సిన ఆట. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు ఒక కేసు పోయింది, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు కేసు, 1967లో తీర్పు ఇస్తూ కోర్టు ఈ ఆట గురించి చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆట, మూడు ముక్కలాట లాగా ఒట్టి అదృష్టం కాదు అని.

నేర్పు అంటే ఏంటో చిన్న లెక్క చూపిస్తా. రెండు పేకలు కలిపి ఆడతాం కదా. ముందు మీకు లైఫ్ పడాలి, అంటే జోకరు లేకుండా ఒకే రకంలో వరసగా మూడు. మీ చేతిలో ఇస్పేటు ఆరు, ఏడు ఉన్నాయి. ఏం వస్తే లైఫ్ అవుతుంది? ఐదు వచ్చినా సరే, ఎనిమిది వచ్చినా సరే. రెండు పేకల్లో కలిపి నాలుగు ముక్కలు. అదే ఆరు, ఎనిమిది ఉంటే? మధ్యలో ఏడే రావాలి, అవి రెండే. ఆసు, రెండు ఉంటే? మూడే రావాలి, మళ్లీ రెండే. అంటే చేతిలో రెండు ముక్కలే అయినా, ఒకదానికి నాలుగు దారులు, ఇంకోదానికి రెండు. ఆపైన ఎదుటివాళ్లు ఒక ఎనిమిది పారేసినారు, అది మీరు ఎత్తలేకపోయినారు అనుకోండి, నాలుగు మూడైంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు రాజు, రాణి, ఆసు అని బొమ్మలు పట్టుకొని కూర్చుంటారు, అవి తలా పది పాయింట్లు, రమ్మీలో పాయింట్లు పడితే నష్టమే. మీకు లైఫ్ పడకుండానే ఎదుటివాళ్లు ముక్కలన్నీ పేర్చుకొని షో చూపించినారంటే చేతిలో ఉన్నదంతా లెక్కే, 80 దాకా పడుతుంది. చెయ్యి బాగాలేదని తెలిసిన వెంటనే మొదట్లోనే స్కూట్ చేసినవాడికి, అంటే ఆ చెయ్యి వదిలేసినవాడికి, 101 పాయింట్లు పడితే బయటికి పోయే ఆటలో పడేది 20. ఇది పిల్లలకు నేర్పించండి. పోయేదాన్ని తొందరగా ఒప్పుకొని వదిలేయడం.

కానీ, ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. నేర్పుతో ఆడే ఆటే అయినా డబ్బు పెడితే మారిపోతుంది. మా వీధిలో ఒక అబ్బాయి, పేరు చెప్పను, మంచి ఉద్యోగం, ఫోన్లో రమ్మీ ఆడి ఆడి పెళ్లికి దాచిన డబ్బంతా పోగొట్టుకున్నాడు. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది, సార్ వాడికి మీరైనా చెప్పండి అని. వాడు నాతో ఏమన్నాడో తెలుసా? ఎదురుగా మనిషి ఉంటే ఎప్పుడో లేచిపోయేవాణ్ణి సార్, అక్కడ ఎవరూ ఉండరు, రాత్రి రెండైనా ఇంకో ఆట సిద్ధంగా ఉంటుంది. మన రాష్ట్రం 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశం మొత్తానికి చట్టం చేసింది. చట్టం ఉంది, మంచిదే. కానీ తల్లిదండ్రులుగా మనం ఆ అబ్బాయి మాట మర్చిపోకూడదు. ఎదురుగా మనిషి లేడు, అదీ వాడి కష్టం.

మూడు ముక్కలాట గురించి కూడా లెక్కల మాస్టారుగా ఒక్క లెక్క చెప్పి వదిలేస్తా. 52 ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా పడొచ్చు. మూడూ ఒకటే అంకె కావడం 425 సార్లకు ఒకసారి. జత లేదు, వరస లేదు, మూడూ ఒకే రకం కావు, ఒట్టి చెయ్యి, అది వంద సార్లలో 74 సార్లు. అంటే నాలుగింట మూడుసార్లు చేతిలో ఏమీ ఉండదు, ఏమీ లేని చేత్తో ధైర్యం చూపించాలి, ధైర్యం అంటే డబ్బు. మా చిన్నాయన తెలివితక్కువవాడు కాదు. మా అందరిలో నోటిలెక్క ఆయనకే బాగా వచ్చు. ఆ ఆటలో తెలివి పెట్టడానికి చోటు లేదు, ఉన్న చోటంతా పర్సుదే. అందుకే ఆ ఆట మా ఇంట్లో ఉండదు, మీ ఇంట్లో కూడా వద్దని చేతులు జోడించి అడుగుతున్నా. పిల్లలకు లెక్క పెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలంటే చింతగింజలు పెట్టుకోండి, చెనిక్కాయలు పెట్టుకోండి, గెలిచినవాళ్లు తినేయొచ్చు.

ఇంకా రెండు మూడు చిన్న సంగతులు, అయిపోయింది. పేక బాగా కలపండి. మనం రెండుసార్లు అటూ ఇటూ తిప్పి పంచేస్తాం, అందుకే కిందటి ఆటలో వరసగా పడిన ముక్కలే మళ్లీ గుంపుగా వస్తాయి. 1992లో బేయర్, డయాకోనిస్ అని ఇద్దరు గణితశాస్త్రజ్ఞులు లెక్క తేల్చినారు, పేకను రెండు భాగాలు చేసి ముక్కలు ఒకదానిలో ఒకటి జారేట్టు కలిపితే ఏడుసార్లు కావాలని. మనం చేతిలో పైపైన కలిపే పద్ధతికైతే ఏడు ఏమాత్రం చాలదు. చేతులు చిన్నవైన పిల్లలు నేల మీద పరిచి రెండు చేతులతో గలగలా తిప్పనివ్వండి, అది కూడా బాగా కలుస్తుంది. బాగా కలిపిన పేక వరస బహుశా ఇంతకుముందు ప్రపంచంలో ఎవరి చేతికీ వచ్చి ఉండదు. ఎందుకంటే 52 ముక్కల్ని పేర్చగల రకాలు లెక్కపెడితే 68 అంకెల సంఖ్య వస్తుంది. పిల్లలూ, ఇంటికి పోయి ఒకటి తర్వాత 67 సున్నాలు పెట్టి చూడండి.

రూల్సు ఆటకు ముందే మాట్లాడుకోండి. ప్రొద్దుటూరు అత్త వాళ్లింట్లో ఒక రూలు, కర్నూలు మామ వాళ్లింట్లో ఒక రూలు ఉంటుంది. ఎవరిది కరెక్టు? ఎవరింట్లో కూర్చుంటే వాళ్లది. ఓడిపోయిన పిల్లవాడు ముక్కలు విసిరేస్తే కొట్టకండి, తిట్టకండి, వాడితోనే ఏరించి వాడితోనే పంచించండి. పేక పంచే చేతికి కోపం ఎక్కువసేపు నిలవదు, ఇది నేను బళ్లో, ఇంట్లో రెండుచోట్లా చూసినాను.

ఇంట్లో ఇద్దరే ఉంటారు కొంతమంది, పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో. ఏమ్మా, మీరూ అంతేనా? ఇద్దరూ రాత్రి సీరియల్ అయిపోయాక ఒక్క అరగంట రమ్మీ వేసుకోండి. నేను, మా ఆమె రోజూ ఆడతాం. గెలుపోటములు పాత కేలండరు వెనక రాసుకుంటాం. ఈ నెలలో ఆమె నాలుగు ఆటలు ముందుంది.

సరే, కుర్చీలు వెనక్కి జరపండి, చాపలు పరుద్దాం. పేకలు పది తెచ్చాను. ఆరుగురు ఆరుగురుగా కూర్చోండి, ఒకే ఇంటివాళ్లు ఒకేచోట కూర్చోవద్దు, ప్రతి చాప మీద ఒక అవ్వో తాతో, ఒక పదేళ్ల పిల్లో ఉండేట్టు చూసుకోండి. చూపు సరిగా ఆనని పెద్దవాళ్లకు పక్కనున్న పిల్లలు ముక్క చదివి చెప్పండి, చెవిలో చెప్పండి, గట్టిగా కాదు. బొరుగులు, ఉగ్గాని ఎనిమిదింటికి వస్తాయి, ఆ చేతులతో ముక్కలు ముట్టొద్దు. మా జేజి ఆఠీను తొమ్మిది ఎవరి దగ్గరుంది? ఆ, నీ దగ్గరా పాపా, ఇటివ్వు. ఎనిమిదులు తీసి పక్కన పెట్టినారా? నాలుగూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకొని, ఇంక పంచండి.